ఇంటి గ్యారేజీలో పునరుద్ధరణకు 1967–72 షెవ్రోలే సి10 పికప్: ఒక సమీక్ష

పాత పికప్ ట్రక్కును కొని ఇంటి గ్యారేజీలోనే సొంత చేతులతో బాగుచేసుకోవాలనుకునేవారు ఏ బండి తీసుకోమంటారని అడిగితే, తడుముకోకుండా 1967 నుంచి 1972 వరకు తయారైన షెవ్రోలే సి10 పేరు చెబుతాను. డాలస్ శివార్లలో రెండు కార్లు పట్టే మామూలు గ్యారేజీలో, వారాంతాల్లో మాత్రమే పనిచేస్తూ, 1971 మోడల్ సి10ను చాసీ వరకు విప్పి మళ్లీ రోడ్డెక్కించిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. ఈ బండి కొత్తలో ఎలా నడిచేదో చెప్పగలిగినవారు అమెరికాలో కొల్లలుగా ఉన్నారు. యాభై ఏళ్లు దాటిన ఇనుమును విప్పి, కోసి, అతికి, తిరిగి బిగించే మనిషికి అది ఎక్కడ సహకరిస్తుంది, ఎక్కడ మొండికేస్తుంది అన్నదే నేను ఇక్కడ చూస్తాను. నా తీర్పు ముందే చెబుతున్నాను: ఇంటి పనికి ఇంతకంటే అనువైన పాత పికప్ నాకు కనబడలేదు, అయితే దీన్ని ఇంజిన్ శబ్దం విని కాక, క్యాబిన్ అడుగు చూసి కొనాలి.

జనరల్ మోటార్స్ ఈ తరం బండ్లను 1967 మోడల్ సంవత్సరానికి విడుదల చేసింది. ఇదే బండి జీఎంసీ పేరుతోనూ అమ్ముడైంది. పేరులో సి అక్షరం ఉంటే వెనక చక్రాలకు మాత్రమే శక్తి అందుతుంది, కె ఉంటే నాలుగు చక్రాలకూ అందుతుంది. 10 అన్న అంకె అర టన్ను తరగతిని సూచిస్తుంది. వెనక తొట్టి రెండు పొడవుల్లో వచ్చేది: ఆరున్నర అడుగుల పొట్టి తొట్టి బండికి ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 115 అంగుళాలు, ఎనిమిది అడుగుల పొడుగు తొట్టి బండికి 127 అంగుళాలు. తొట్టి పక్కలు నున్నగా ఉంటే ఫ్లీట్‌సైడ్ అనీ, వెనక మడ్‌గార్డులు బయటికి పొడుచుకువచ్చి, వాటి ముందు కాలు పెట్టడానికి మెట్టు ఉంటే స్టెప్‌సైడ్ అనీ పిలుస్తారు. షెవ్రోలే సి10లో వెనక ఇరుసుకు కూడా కాయిల్ స్ప్రింగులు, వాటిని పట్టి ఉంచే పొడవైన ట్రెయిలింగ్ ఆర్మ్‌లు ఉండటం ఆ కాలపు సరుకు బండికి అరుదైన విషయం. ఖాళీ తొట్టితో గతుకుల రోడ్డు మీద వెళ్లినప్పుడు ఆ తేడా నడుముకు తెలుస్తుంది.

ఆరేళ్లలో బయటికి కనిపించే మార్పులు చాలా జరిగాయి గానీ, బాగుచేసేవారికి వాటిలో అక్కరకు వచ్చేవి కొన్నే. 1967 బండ్ల మడ్‌గార్డుల పక్కన, ముందూ వెనకా, దీపాలు ఉండవు, అవి 1968లో వచ్చాయి. 1969లో బానెట్ ముందుభాగం నిటారుగా మారింది, 350 క్యూబిక్ అంగుళాల వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ ఈ ట్రక్కుల్లోకి వచ్చింది. అన్నిటికంటే ముఖ్యమైన మార్పు 1971లో జరిగింది. ఆ ఏడు నుంచి సి10 ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు మామూలు అమరికగా వచ్చాయి, ఆరు బోల్టుల చక్రాల స్థానంలో అయిదు బోల్టుల చక్రాలు వచ్చాయి. అంతకుముందు బండి కొంటే డిస్క్ బ్రేకుల మార్పిడికి వేరే ఖర్చూ శ్రమా పెట్టుకోవాలి. కాబట్టి నడపడానికి బండి కావాలనుకునేవారికి 1971, 1972 మోడళ్లే నా సలహా. 1967 బండ్లలో కొన్నిటికి వెనక అద్దం చిన్నదిగా ఉంటుంది. ఆ రూపం కోసం ఎక్కువ డబ్బిచ్చే సేకర్తలు ఉన్నారు, అది వారి అభిరుచి.

పోటీ బండ్లతో పోల్చి చూస్తే ఈ బండి బలం తేలిగ్గా అర్థమవుతుంది. 1947 నుంచి 1955 తొలి నెలల వరకు వచ్చిన గుండ్రటి షెవ్రోలే ట్రక్కుల అందం ముందు ఏదీ నిలవదని ఒప్పుకుంటాను. కానీ వాటికి ముందు కూడా నేరు ఇరుసు, పట్టీల స్ప్రింగులు, 6 వోల్టుల విద్యుత్తు. ఈనాటి రహదారి వేగానికి వాటిని తీసుకురావాలంటే సగం బండిని మార్చాలి, అలా మార్చాక దాన్ని పునరుద్ధరణ అనడానికి నాకు మనసొప్పదు. అదే కాలపు ఫోర్డ్ ఎఫ్-100 గట్టి బండే, అయితే దాని ముందు చక్రాలు ట్విన్ ఐ-బీమ్ ఇరుసుల మీద, కింగ్ పిన్లనే నిలువు కడ్డీల మీద తిరుగుతాయి. చక్రాల కోణం సరిచేయాలంటే ఇరుసునే వంచే యంత్రం ఉన్న దుకాణం వెతుక్కోవాలి. సి10కు బాల్ జాయింట్లు (గుండ్రటి కీళ్లు) ఉంటాయి, పలుచని రేకు బిళ్లలు కలిపో తీసో అలైన్‌మెంట్ సరిచేయవచ్చు. ఇంట్లో జాకీ, స్టాండులతో పనిచేసేవారికి ఇది పెద్ద వెసులుబాటు.

ఇంటి పనికి ఇది అనువైనదని అనడానికి అసలు కారణం బండి కట్టుబడిలో ఉంది. నిచ్చెన ఆకారపు చాసీ మీద క్యాబిన్, తొట్టి, ముందు రేకులు మూడూ వేర్వేరుగా బోల్టులతో కూర్చుని ఉంటాయి. ముందు మడ్‌గార్డులు, బానెట్, రేడియేటర్ పట్టీ అన్నీ బోల్టులు విప్పితే ఊడివచ్చేవే. తొట్టి బోల్టులు విప్పితే నలుగురు మనుషులు కలిసి ఎత్తి పక్కన పెట్టేయవచ్చు. అంగుళాల కొలతల సాకెట్ల సెట్టు ఒకటి, ముఖ్యంగా 7/16 నుంచి 3/4 వరకు, చేతిలో ఉంటే బండిలో చాలా భాగం విప్పవచ్చు. బానెట్ ఎత్తితే ఇంజిన్ చుట్టూ చేతులు పట్టేంత ఖాళీ కనిపిస్తుంది, ఆరు సిలిండర్ల బండి అయితే ఆ ఖాళీలో మనిషే నిలబడవచ్చు. కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. వైరింగు మొత్తాన్ని ఒక పెద్ద కాగితం మీద గీసి గోడకు అంటించుకోవచ్చు. బండి పనిచేయకపోతే కారణం కంటికి కనిపించేదిగా, చేతికి అందేదిగా ఉంటుంది.

రెండో కారణం విడిభాగాలు. అద్దాల చుట్టూ ఉండే రబ్బరు బీడింగుల నుంచి డాష్‌బోర్డు వైరింగు కట్ట వరకు, తలుపు పిడి నుంచి పూర్తి తొట్టి వరకు, ఈ తరం బండికి కొత్తగా తయారుచేసి అమ్మని భాగం చాలా తక్కువ. అందుకే పాత బండి ఏ స్థితిలో ఉన్నా పరవాలేదు, అన్నీ కొనేసుకోవచ్చు అని కొందరు ధైర్యం చెబుతారు. ఆ మాటను నేను నమ్మను, ఎందుకు నమ్మనో చెప్పాలంటే తుప్పు సంగతికి రావాలి.

ఈ బండి క్యాబిన్ తుప్పు పట్టే తీరుకు ఒక దారి ఉంది. ముందు అద్దం కింద, బానెట్ వెనక, గాలి లోపలికి వెళ్లే సందులున్న రేకు ఒకటి ఉంటుంది. చెట్టు కింద ఏళ్ల తరబడి నిలిపిన బండిలో ఆకులు, దుమ్ము ఆ సందుల్లోంచి జారి లోపల కుప్పపడతాయి. వాన కురిసినప్పుడల్లా ఆ చెత్త తడిని పట్టి ఉంచుతుంది. ఆ తడి మెల్లగా డ్రైవరు కాళ్ల పక్కనుండే రేకు వెనక నుంచి దిగి, తలుపు కింద ఉండే రాకర్ ప్యానెల్ అనే పెట్టెలాంటి భాగంలోకి చేరుతుంది. రాకర్‌కు బయటి రేకు, లోపలి రేకు రెండూ ఉంటాయి. నీళ్లు బయటికి పోవలసిన రంధ్రాలు మట్టితో మూసుకుపోయాక రెండు రేకులూ లోపలి నుంచి తినబడతాయి. క్యాబిన్ వెనక కింది మూలలదీ ఇదే కథ, అక్కడా రెండు పొరల రేకు మధ్య దుమ్ము చేరుతుంది. బయటికి రంగు బుడగలు కనిపించే సమయానికి లోపలి పొర పోయి చాలాకాలమై ఉంటుంది.

నా బండిలో ఎడమ పక్క రాకర్ బయటికి నున్నగా, మెరుస్తూ ఉండేది. స్క్రూడ్రైవరు పిడితో తలుపు కింద వరసగా తట్టుకుంటూ పోతే ముందు భాగంలో ఖంగున మోగిన రేకు, తలుపు మధ్యకు వచ్చేసరికి మట్టికుండను తట్టినట్టు డొల్లగా, మొద్దుగా పలికింది. అయస్కాంతం అక్కడ అంటలేదు. గ్రైండర్‌తో రంగు తీస్తే కింద గులాబీ రంగు పుట్టీ అరంగుళం మందాన బయటపడింది. పుట్టీ కింద ఫైబర్ గుడ్డ, గుడ్డ కింద పొరలు పొరలుగా విడిపోతున్న గోధుమరంగు తుప్పు. ఆ పొరలను ఉలితో గీకితే చేతిలోకి పలకలుగా ఊడివచ్చాయి. పాత యజమానుల్లో ఎవరో రేకు మార్చకుండా పైపైన పూత పూసి అమ్మేశారన్నమాట. ఈ బండి కొనడానికి వెళ్లేవారు జేబులో చిన్న అయస్కాంతం, చేతిలో టార్చిలైటు, ఒంటికి నేలమీద పడుకోగలిగే పాత చొక్కా లేకుండా వెళ్లకూడదు. చూడవలసిన చోట్లు రాకర్లు, క్యాబిన్ వెనక మూలలు, కాలు పెట్టే ఫ్లోరు, క్యాబిన్‌ను చాసీకి పట్టి ఉంచే మౌంట్లు, ముందు అద్దం కింది మూలలు, పైకప్పు అంచున నీళ్లు జారే గాడి. వీటిలో మొదటివి మూడూ మార్చగలిగేవి. అద్దం కింది మూలలు, పైకప్పు గాడి చెడితే ఆ పని ఇంట్లో నేర్చుకుంటూ చేయదగ్గది కాదు. ఆ బండిని వదిలేయమని గట్టిగా చెబుతాను.

కొత్తగా తయారైన రేకుల నాణ్యత గురించి కొంచెం వివరంగా రాయవలసి ఉంది, ఎందుకంటే విడిభాగాల కేటలాగుల్లో ఫొటోలు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పేరు చెప్పదలచుకోని ఒక అమ్మకందారు నుంచి తెప్పించిన ముందు మడ్‌గార్డు, చూడడానికి అసలుదానిలాగే ఉన్నా, తలుపు పక్కనుండే అంచు వంపు పైభాగంలో సరిపోయి కిందికొచ్చేసరికి అరంగుళం దూరం జరిగింది. బోల్టు రంధ్రాలు కూడా కొద్దిగా పక్కకు ఉండటంతో వాటిని సాగదీయవలసి వచ్చింది. తిరిగి పంపుదామంటే రవాణా ఖర్చు కొనుగోలుదారుదే. అదే అమ్మకందారు పంపిన ఫ్లోరు రేకు మాత్రం చక్కగా కూర్చుంది. చదునుగా, కనిపించని చోట ఉండే రేకులు బాగానే వస్తాయనీ, వంపులు తిరిగిన, పక్క రేకుతో సందు కలవవలసిన బయటి రేకుల్లోనే తేడాలు వస్తాయనీ దీన్నుంచి నేను గ్రహించాను. అందువల్ల నా అభిప్రాయం ఇది: మడ్‌గార్డులు, తలుపులు, బానెట్ అసలువి ఎంత నలిగి ఉన్నా తుప్పు పట్టకపోతే వాటినే సుత్తితో, రేకు వెనక ఆన్చే డాలీ దిమ్మెతో సరిచేసి వాడుకోవాలి. సొట్ట తీయడం ఓపిక ఉంటే వచ్చే పని. తప్పు వంపుతో పుట్టిన రేకును సరిచేయడం ఓపికకు లొంగే పని కాదు. అసలువి దొరకకపోతే పశ్చిమ టెక్సస్, న్యూ మెక్సికో, అరిజోనా వంటి పొడి ప్రాంతాల పాత బండ్ల యార్డుల్లో వెతకాలి. ఎండకు రంగు పూర్తిగా పోయి, సీట్లు చివికిపోయి ఉన్నా, అక్కడి రేకు గట్టిగా ఉంటుంది. శీతాకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే ఉత్తరాది రాష్ట్రాల బండి ఎంత తళతళలాడినా అనుమానంతోనే చూడాలి.

రాకర్లు మార్చేటప్పుడు పాటించవలసిన క్రమం ఒకటుంది, అది తప్పితే మిగిలిన శ్రమంతా వృథా అవుతుంది. రాకర్ క్యాబిన్ భారం మోసే భాగం. దాన్ని కోసేస్తే తలుపు ద్వారం కుంగిపోతుంది. కోయడానికి ముందే తలుపు ద్వారంలో అడ్డంగా, ఐమూలగా ఇనుప గొట్టాలు టాక్ వేసి (చుక్క వెల్డింగుతో అతికి) బిగించాలి, క్యాబిన్‌ను చాసీ మౌంట్ల మీదే ఉంచాలి. ఒక పక్క పూర్తిగా ముగించాకే రెండో పక్క ముట్టుకోవాలి. కొత్త రాకర్‌ను క్లాంపులతో నిలబెట్టి, తలుపు తగిలించి, మూసి, చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూసి, అప్పుడు టాక్ వేయాలి; మళ్లీ తలుపు మూసి చూడాలి. రాకర్ మీద తొడుక్కునే తొడుగు రేకులు కూడా అమ్ముతారు, పాత తుప్పు కోయకుండా దాని మీదే అతికించడానికి. వాటిని నేను ఎవరికీ సిఫారసు చేయను. లోపలి తుప్పు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది, పైగా కొత్త రేకు దాన్ని కంటికి కనబడకుండా దాచిపెడుతుంది.

వెల్డింగుకు 0.023 అంగుళాల తీగతో, 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసిన వాయువుతో నడిచే చిన్న మిగ్ యంత్రం సరిపోతుంది. పలుచని రేకు మీద ఏకబిగిన గీత లాగితే వేడికి రేకు ఉబ్బి అలలు తిరుగుతుంది. ఒక చుక్క ఇక్కడ వేస్తే రెండోది జానెడు దూరంలో వేసి, చల్లారనిచ్చి, మధ్య ఖాళీలు నింపుకుంటూ రావాలి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రుల పని దగ్గరగా చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు; వాళ్లు గ్యాస్ మంటతోనే రేకును లాగనివ్వకుండా అతికేవారు. అతుకు పని ముగిశాక రాకర్ లోపలికి పొడవైన గొట్టంతో మైనపు పూత చల్లడం మరచిపోకూడదు. బయట ఎంత రంగు వేసినా పెట్టె లోపలి అతుకులు పచ్చి ఇనుమే, కొత్త తుప్పు పుట్టేది అక్కడే.

తుప్పు వదిలించడానికి పద్ధతులు చాలా ఉన్నాయి, ప్రతిదానికీ తన చోటు ఉంది. చాసీకి ఇసుక పిచికారీ బాగా పనిచేస్తుంది. బానెట్, తలుపుల వంటి వెడల్పైన చదును రేకుల మీద అదే పిచికారీ గట్టిగా కొడితే రేకు సాగి, మళ్లీ చదును కాదు. బోల్టులు, తలుపు కీళ్లు, అద్దాల్ని ఎత్తిదించే యంత్రాంగం వంటి చిన్న భాగాలకు తుప్పును మాత్రమే కరిగించి ఇనుమును ముట్టుకోని ద్రావకంలో రాత్రంతా నానబెట్టడం అన్నిటికంటే తేలిక. కొంచెం పెద్ద భాగాలకు చాకలి సోడా కలిపిన నీళ్ల తొట్టిలో బ్యాటరీ చార్జరుతో విద్యుద్విశ్లేషణ చేయవచ్చు. ఆ పనిలో హైడ్రోజన్ వాయువు పుడుతుంది కాబట్టి ఆరుబయట చేయాలి. రెండో ధ్రువంగా మామూలు ఇనుప ముక్కనే వాడాలి, స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. తుప్పు మీదే పూసే రంగులు చాసీకి పరవాలేదు గానీ, వాటిలో చాలావాటికి ఎండ పడదు, మీద మరో పూత ఉండాలి.

ఇంజిన్ గురించి అందరూ ఎక్కువ మాట్లాడతారు, నిజానికి ఈ బండిలో అది అన్నిటికంటే తేలికైన పని. 250 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్ అయినా, 307 వి8 అయినా, 350 వి8 అయినా, గాస్కెట్లు, బేరింగులు, పిస్టన్ రింగులు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, మరమ్మతు తెలిసిన మెషిన్ షాపులూ ఇంకా ఉన్నాయి. రెండు జాగ్రత్తలు మాత్రం చెప్పాలి. ఈ ఇంజిన్లలో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ (క్యామ్) మీద లిఫ్టర్లు దొర్లకుండా జారే రకం. ఈనాటి కార్ల నూనెల్లో జింక్ సమ్మేళనం తగ్గించారు కాబట్టి, కొత్త క్యామ్ వేసినప్పుడు జింక్ ఎక్కువున్న నూనె పోయకపోతే మొదటి అరగంటలోనే దాని అంచులు అరిగిపోయే ప్రమాదం ఉంది. రెండోది, ఇవి సీసం కలిపిన పెట్రోలు వాడుకలో ఉన్న కాలపు ఇంజిన్లు. సిలిండర్ హెడ్లు విప్పినప్పుడు ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు గట్టి రకానివి వేయించుకుంటే మళ్లీ విప్పే పని ఉండదు. కాంటాక్ట్ పాయింట్ల డిస్ట్రిబ్యూటరును తీసేసి ఎలక్ట్రానిక్ రకం పెట్టుకోవడం చాలామంది చేస్తారు, నేనూ చేశాను, అందులో తప్పేమీ లేదు. పాతది మాత్రం పెట్టెలో దాచి ఉంచాలి.

పెట్రోలు ట్యాంకు సంగతి వేరు. ఈ బండ్లలో అది క్యాబిన్ లోపల, సీటు వెనకే నిలువుగా ఉంటుంది, సుమారు 20 గ్యాలన్లు పడుతుంది. ఆ కాలంలో ఫోర్డ్ ఎఫ్-100లోనూ ట్యాంకు సీటు వెనకే. నాలుగైదు దశాబ్దాల రబ్బరు గొట్టాలు బీటలు వారి, ఎండలో నిలిపిన బండి తలుపు తీయగానే పెట్రోలు వాసన గుప్పుమనడం ఈ బండ్ల యజమానులందరికీ తెలిసిందే. ఇంట్లో పనిచేసేవారు అన్నిటికంటే ముందు తీయవలసింది ఈ ట్యాంకునే. ట్యాంకు బండిలో ఉండగా క్యాబిన్ మీద వెల్డింగు చేయకూడదు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం, ఎందుకంటే అందులో మిగిలేది మండే ఆవిరి. ట్యాంకును చాసీ వెనక భాగంలో, తొట్టి కిందికి మార్చే సామగ్రి అమ్మకంలో ఉంది. అచ్చంగా కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంచాలనుకునే పట్టుదల ఉన్నవారిని నేను గౌరవిస్తాను, కానీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పే బండిలో ట్యాంకు కిందికి పోవలసిందేనని నా అభిప్రాయం. సీటు వెనక మిగిలే చోటు సామాన్లకు పనికొస్తుంది.

రంగు దగ్గర ఇంటి పనికి ఒక హద్దు గీసుకోవాలి. పాత రంగు పొరల్లో సీసం ఉండవచ్చు కాబట్టి పొడిగా రుద్దకుండా ఉప్పు కాగితాన్ని నీళ్లతో తడిపి రుద్దడం, మంచి ముసుగు పెట్టుకోవడం తప్పనిసరి. పాత బ్రేకు డ్రమ్ములు విప్పినప్పుడు లోపలి దుమ్మును ఊదకూడదు, ఆ కాలపు బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవారు. పచ్చి ఇనుము మీద ఎపాక్సీ ప్రైమరు వరకు ఇంట్లోనే వేసుకోవచ్చు. ఆఖరి పూతగా వాడే రెండు భాగాల యూరిథేన్ రంగుల గట్టిపరిచే ద్రావణంలో ఐసోసయనేట్లు అనే హానికర రసాయనాలు ఉంటాయి. మామూలు ముసుగు వాటి నుంచి కాపాడదు, బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే పరికరం కావాలి. ఇళ్ల మధ్య గ్యారేజీలో ఆ పని చేయడం మనకూ పక్కింటివారికీ మంచిది కాదు. రేకు పని, ప్రైమరు, సందుల అమరిక ఇంట్లో ముగించి, ఆఖరి పూతకు రంగు చల్లే బూత్ ఉన్న దుకాణానికి తీసుకెళ్లమంటాను. విడదీసిన రేకులను విడివిడిగా వేయిస్తే అంచుల లోపల కూడా రంగు పడుతుంది.

నడపడంలో ఈ బండి ఇచ్చే తృప్తి గురించి కొంత చెప్పాలి. పవర్ స్టీరింగు లేని బండిని పార్కింగులో తిప్పడానికి భుజబలం కావాలి, ఉన్న బండి వేళ్లతో తిరుగుతుంది. రెండు రకాల్లోనూ స్టీరింగు బాక్సు అరిగి ఉంటే స్టీరింగు చక్రం మధ్యలో వదులు ఉంటుంది, ముందు రబ్బరు జాయింట్లు మార్చి చూశాకే బాక్సును అనుమానించాలి. డిస్క్ బ్రేకులు, కొత్త షాక్ అబ్జార్బర్లు, సరైన అలైన్‌మెంట్ ఉంటే గంటకు 65 మైళ్ల వేగంలో బండి నిలకడగా పోతుంది. క్యాబిన్‌లో శబ్దం ఉంటుంది, కిటికీ పక్కన చిన్న త్రికోణపు అద్దం తిప్పితే గాలి సూటిగా ముఖానికి కొడుతుంది. టెక్సస్ ఆగస్టులో ఆ గాలి చాలదు. అసలు ఏసీ ఉన్న బండి దొరికితే సంతోషం, లేకపోతే కొత్త రకం ఏసీ సామగ్రి డాష్‌బోర్డు కింద ఇమిడేలా దొరుకుతోంది.

పొట్టి తొట్టి బండ్లకు గిరాకీ ఎక్కువ, ధర కూడా ఎక్కువే. అందుకని పొడుగు తొట్టి బండి కొని, చాసీని 12 అంగుళాలు కోసి, పొట్టిదిగా మార్చేవారు చాలామంది ఉన్నారు. చక్కగా పని చేయడానికి పుట్టిన బండిని అలా కోయడం నాకు నచ్చదు. ఎనిమిది అడుగుల ప్లైవుడ్ పలకను తొట్టి తలుపు మూసి మోసే బండి అది. తక్కువ ధరకు, తక్కువ చేతులు పడిన స్థితిలో దొరికేదీ అదే. అయితే దాని పొడవు 17 అడుగులకు పైగా ఉంటుంది. విప్పినప్పుడు తొట్టి ఒకచోట, క్యాబిన్ ఒకచోట, రేకులు ఇంకోచోట పెట్టాలి కాబట్టి రెండు కార్ల గ్యారేజీ పూర్తిగా దీనికే పోతుంది. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎక్కువగా ఉండే కాలనీల్లో, ఇంటిముందు నడవని బండిని నిలపడానికి చాలా నివాసుల సంఘాలు ఒప్పుకోవు. సంఘం నిబంధనలు చదివాకే బయానా ఇవ్వాలి.

కాగితాల విషయం ఆఖరున చెబుతున్నా, కొనేటప్పుడు మొదట చూడవలసింది అదే. డ్రైవరు తలుపు స్తంభానికి రివెట్లతో కొట్టిన పలక మీద బండి సంఖ్య ఉంటుంది. 1971 వి8 సి10 పికప్ అయితే ఆ సంఖ్య సి, ఇ, 1, 4, 1 అని మొదలవుతుంది: వెనక చక్రాల బండి, ఎనిమిది సిలిండర్లు, అర టన్ను, తొట్టి ఉన్న పికప్, 1971. ఆరు సిలిండర్ల బండికి ఇ బదులు ఎస్ ఉంటుంది. ఆ వెనక వచ్చే అక్షరం బండి కట్టిన కర్మాగారాన్ని చెబుతుంది, జె అయితే జేన్స్‌విల్, ఎఫ్ అయితే ఫ్లింట్. ఈ సంఖ్య యాజమాన్య పత్రంలోని సంఖ్యతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. తుప్పుపట్టిన క్యాబిన్లను మార్చేసిన బండ్లలో ఇక్కడే చిక్కులు వస్తాయి. గ్లవ్ బాక్సు తలుపు లోపలి వైపు కాగితపు లేబుల్ మిగిలి ఉంటే బండి ఏయే అమరికలతో కర్మాగారం నుంచి బయటికొచ్చిందో దాని మీద ఉంటుంది, శుభ్రం చేసే ముందే దాన్ని ఫొటో తీసుకోవాలి. టెక్సస్‌లో 25 ఏళ్లు దాటిన బండికి పొగ పరీక్ష అక్కర్లేదు, సొంత వాహనాల భద్రతా తనిఖీని కూడా 2025 జనవరి నుంచి తీసేశారు. పురాతన వాహనం నంబరు ప్లేటు తీసుకుంటే రిజిస్ట్రేషన్ అయిదేళ్లకు వస్తుంది గానీ, ఆ ప్లేటుతో ప్రదర్శనలకు, క్లబ్బు కార్యక్రమాలకు, ఊరేగింపులకు వెళ్లాలే తప్ప రోజూ పనులకు తిప్పకూడదు. తొట్టిలో సామాన్లు వేసుకుని తిరగాలనుకునేవారు మామూలు ట్రక్కు ప్లేటే తీసుకోవాలి.